బేస్ ఏ సైజు కొనాలి, దాని మీద ఏం వెయ్యాలి, ఇసక ఎందుకు రాలిపోతోంది: అమలాపురం తమ్ముడికి కాస్త పొడుగు సమాధానం

తమ్ముడూ, నీ ప్రశ్న, ఫోటోలు నిదానంగా చూశాను. టేబుల్ మీద ఆడే ఫాంటసీ ఆటల బుల్లి బొమ్మలు (ఫిగర్లు), అందులో ఐదుగురు గోబ్లిన్లు అనే మరుగుజ్జు రాక్షసులు, ఒక ముసలి మంత్రగాడు, ఒక ట్రోల్ అనే భారీ రాక్షసుడు, పెయింటింగ్ చాలా శ్రద్ధగా చేశావు, ముఖ్యంగా ఆ మంత్రగాడి గడ్డం. వాటి కాళ్ళ కింద ఉండే బిళ్ళలు, అంటే బేస్‌లు, మాత్రం ఖాళీగా నల్లగా ఉన్నాయి, వాటి మీద నేల తయారుచెయ్యడానికి బయట నుంచి వచ్చే బేసింగ్ కిట్లు రేటు ఎక్కువ, ఓడలరేవు బీచ్ నుంచి ఇసక తెచ్చి ఒక గోబ్లిన్‌కి అంటిస్తే కొన్నాళ్ళకే రాలిపోయింది పైగా తెల్లగా బూజు పట్టింది, మన దగ్గర దొరికేవాటితో మంచి బేస్ అవుద్దా లేదా అని అడిగావు. అవుద్ది. అది కూడా కిట్‌లో వచ్చేదానికన్నా బాగా అవుద్ది, కాకపోతే ముందు ఆ తెల్లది ఏంటో తేల్చుకుందాం.

తడి బ్రష్‌తో ఆ తెల్లటి చోట తాకి చూడు. తాకగానే కరిగి మాయమైపోయి, ఆరాక మళ్ళీ తెల్లగా పైకి వస్తే అది ఉప్పు. తడిపినా దూదిపింజల్లా అలాగే కనిపిస్తే బూజు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు ఉప్పు అనే అనిపిస్తోంది, ఎందుకంటే సముద్రపు ఇసక కడక్కుండా వేశానని నువ్వే రాశావు. ఉప్పు గాల్లో తేమని లాక్కుంటుంది, మన కోనసీమ గాలిలో తేమకి కరువు లేదు, దాంతో ఫెవికాల్ పట్టు వదిలేస్తుంది, పెయింట్ కింద నుంచి తెల్లగా పొంగుతుంది. ఒకసారి అలా అయిన బేస్‌ని పైపైన పెయింట్ వేసి కాపాడలేవు, గీకేసి మళ్ళీ మొదలుపెట్టడమే.

వీలైతే బీచ్ ఇసక వదిలెయ్, ఏటి ఇసక తీసుకో. రావులపాలెం దగ్గర నుంచి ఇంటి కట్టుబడికి తోలించిన ఇసక ఏ గుమ్మం ముందైనా కుప్పగా ఉంటుంది, అడిగితే ఒక డబ్బాడు ఎవరైనా ఇస్తారు. దాన్ని బకెట్లో వేసి నీళ్ళు పోసి చేత్తో కలిపి, పైన తేలిన బురద నీళ్ళు వంపేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగు. బీచ్ ఇసకే కావాలంటే రాత్రంతా నానబెట్టి, మర్నాడు నీళ్ళు మార్చి మార్చి కడగాలి, ఆఖర్న ఆ నీళ్ళు ఒక నల్ల ప్లేటులో కొంచెం ఆరబెడితే తెల్ల మరక రాకూడదు. తర్వాత డాబా మీద పేపర్ పరిచి బాగా ఎండబెట్టు. ఎండాక టీ వడకట్టుతో ఒకసారి, పిండి జల్లెడతో ఒకసారి జల్లించి సన్నం, మధ్యరకం, గరుకు అని మూడు డబ్బాల్లో పోసుకో. ఈ జల్లించే పని చాలామంది చెయ్యరు, బేస్ చూడగానే ఏదో తేడాగా అనిపించేది అక్కడే, అదెందుకో కింద చెప్తాను.

ఇక రాలిపోవడం. ఫెవికాల్ రాసి, ఇసకలో ముంచి, ఆరాక ఊదేసి అయిపోయింది అనుకుంటారు అందరూ. ఆ మొదటి పూత అడుగు గింజల్ని మాత్రమే పట్టుకుంటుంది, పైవి ఒకదాని మీద ఒకటి ఊరికే కూర్చున్నాయంతే. పూర్తిగా ఆరాక ఫెవికాల్‌లో దానికి రెండింతలు నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పాత బ్రష్ చివరతో ఇసకకి తాకించు, రుద్దొద్దు, తాకిస్తే అదే లోపలికి పీల్చుకుంటుంది. సబ్బు చుక్క లేకపోతే నీళ్ళు ముత్యాల్లా పైనే నిలబడిపోతాయి. రాత్రంతా వదిలెయ్, పొద్దున్నకి గోరుతో గీకినా రాలదు.

ఇది రిపేరు సంగతి. అసలు విషయం ఏంటంటే, నువ్వు బేస్ మీద ఏం వెయ్యాలి అని అడిగావు గానీ ఆ గోబ్లిన్ ఎక్కడ నిలబడ్డాడో చెప్పలేదు. నా లెక్కలో బేస్ పని మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే ఉంటుంది. గుహలోనా, పాడుబడ్డ కోటలోనా, చిత్తడి నేలలోనా, ఎండిన చెరువులోనా, ఇది ముందు తేలితే రంగు, రాళ్ళు, గడ్డి, నీళ్ళు అన్నీ దానంతట అవే తేలిపోతాయి. తేలకుండా మొదలుపెడితే కొంచెం ఇసక, ఒక రాయి, ఒక గడ్డి కుచ్చు, ఒక పుర్రె, అన్నీ పడి చివరికి ఎక్కడిదీ కాని నేల తయారవుద్ది. నీ గోబ్లిన్ల చర్మం ఆకుపచ్చ, బట్టలు గోధుమ రంగు, చేతుల్లో ఈటెలు, ఒకడి నడుముకి చేప వేలాడుతోంది. వాళ్ళు చిత్తడి నేల వాళ్ళు తమ్ముడూ, ఫిగర్ చెక్కిన అతనే నీకు సగం చెప్పేశాడు.

సైజు సంగతి తొందరగా చెప్పేస్తా. డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి, గళ్ళ మ్యాప్ మీద పాత్రల్ని నడిపే ఆట అయితే ఒక అంగుళం గడి అంటే 5 అడుగులు, మనిషంత వాళ్ళందరికీ 25 మిల్లీమీటర్లు, ట్రోల్ లాంటి, ఆ ఆటలో 'లార్జ్' అనే సైజు జీవికి అటూ ఇటూ రెండేసి గళ్ళు కాబట్టి 50, అంతకన్నా పెద్ద సైజుకి 75, డ్రాగన్ లాంటి పెద్ద జీవాలకి 100. సైన్యాలతో ఆడే వార్‌హామర్ అయితే అందులో ఏ ఆటో చూసుకోవాలి, 2015లో వచ్చిన ఏజ్ ఆఫ్ సిగ్మార్‌కి గుండ్రటి బేస్‌లు, 2024లో వచ్చిన ది ఓల్డ్ వరల్డ్‌కి వరసలో నిలబెట్టే చదరపు బేస్‌లు, ఏ ఫిగర్‌కి ఎంత అనేది వాళ్ళ లిస్టు చూసి కొను. ఆట ఆడవు, షోకేసులో పెట్టుకోవడానికే అంటే రూల్ ఏం లేదు, పాదాల చుట్టూ కనీసం ఒక పాదమంత ఖాళీ ఉండేలా చూసుకో చాలు. స్కేలు చేతిలో లేనప్పుడు పది రూపాయల బిళ్ళ పక్కన పెట్టి చూడు, అది 27 మిల్లీమీటర్లు.

కొనడానికి, రాజమండ్రి కాకినాడలో నేమ్ బోర్డులు చేసే షాపుల్లో లేజర్ కటింగ్ మిషన్ ఉంటుంది, 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటులో నీకు కావలసిన సైజు బిళ్ళలు కోసిస్తారు, మిగిలిన ముక్కల్లో కొయ్యమంటే ఇంకా తక్కువలో అవుద్ది. అక్కడే ఎండీఎఫ్‌లో (చెక్కపొడిని ఒత్తి చేసిన బోర్డు) కూడా కోస్తారు గానీ మన వాతావరణానికి నేను యాక్రిలిక్కే చెప్తాను. ఎండీఎఫ్ తడి పీల్చి ఉబ్బుతుంది, నీళ్ళ ఫెవికాల్ పెట్టగానే ప్లేటులా వంగుద్ది. ఎండీఎఫ్ ఇప్పటికే కొనేసి ఉంటే పైనా కిందా అంచులూ వార్నిష్ కొట్టి ఆరబెట్టాక వాడు. యాక్రిలిక్ నున్నగా ఉంటుంది కాబట్టి ముందు గరుకు కాగితంతో రుద్ది గీతలు పడేలా చెయ్, లేకపోతే దాని మీద ఏదీ నిలవదు.

ఇప్పుడు జల్లెడ ఎందుకో చెప్తానన్నాను. నీ ఫిగర్లు 28 నుంచి 32 మిల్లీమీటర్ల రకం, అంటే సుమారుగా 60వ వంతు సైజు. ఆ లెక్కన బేస్ మీద 1 మిల్లీమీటర్ అంటే ఆ గోబ్లిన్‌కి 6 సెంటీమీటర్లు. అర మిల్లీమీటర్ ఇసక గింజ వాడికి గులకరాయి, 2 మిల్లీమీటర్ల గింజ కాలికి తగిలితే పడిపోయేంత రాయి, 6 మిల్లీమీటర్ల కంకర ముక్క అయితే మోకాలి ఎత్తు బండ. జల్లించకుండా వేసిన ఇసకలో గరుకు గింజలే కంటికి ముందు కనిపిస్తాయి, దాంతో నేల మొత్తం రాళ్ళ గుట్టలా ఉండి ఫిగర్ బొమ్మలా కనిపించడం మొదలవుద్ది. సన్నం ఎక్కువ, మధ్యరకం అక్కడక్కడా, గరుకు ఏదో ఒక మూల చిన్న గుంపుగా, ఈ పాళ్ళలో వెయ్యి. ఇసకని ఎప్పుడూ దాని సొంత రంగుతో వదలకు, గింజల మెరుపు స్కేల్‌ని చెడగొడుతుంది, ప్రైమర్ (పెయింట్ పట్టడానికి ముందు వేసే పూత) కొట్టి పెయింట్ వెయ్యాల్సిందే.

మన డెల్టాలో మట్టికి కొదవ లేదు, రాయి మాత్రం ఎక్కడా పుట్టదు, అంతా గోదారి తెచ్చి పోసిన ఒండ్రే కదా. రాళ్ళకి రోడ్డు పనికి దించిన కంకరలో సన్నరకం ఏరుకో, విరిగిన అంచు కొండరాయిలా చాలా బాగుంటుంది. పాడుబడ్డ కోట కావాలంటే పాత పెంకుటిల్లు పడగొట్టిన చోట విరిగిన పెంకులు, ఇటుక ముక్కలు తెచ్చి గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టు, కళ్ళకి అద్దాలు పెట్టుకుని. కొబ్బరి పీచు సంగతి నీకు నేను చెప్పాలా, తాళ్ళకీ ఎండిన గడ్డికీ చెట్ల వేళ్ళకీ అదే, పీచు తీశాక మిగిలే పొట్టు అడవి నేలకి అదే. ఆకులకి నల్ల తుమ్మ చిన్నాకులు ఎండబెట్టి వాడు, అవి 60వ వంతులో టేకాకు అంత అవుతాయి, వేపాకు ముక్కలు చేసి వేస్తే ముక్కల్లాగే ఉంటుంది తప్ప ఆకులా ఉండదు. గడ్డి టఫ్ట్‌లు (రెడీగా దొరికే గడ్డి కుచ్చులు), స్టాటిక్ గ్రాస్ (కరెంటుతో నిలబెట్టే గడ్డి పోగులు) మాత్రం ఒక ప్యాకెట్ కొనుక్కో, ఒక ప్యాకెట్ చాలా కాలం వస్తుంది. దోమల బ్యాట్ విప్పి గడ్డి నిలబెట్టే మిషన్ చేసే వీడియోలు ఉంటాయి, ఆ బ్యాట్‌లో కెపాసిటర్ స్విచ్ ఆపినా కొట్టుద్ది, కరెంటు పని తెలిసినవాళ్ళు పక్కన లేకుండా ముట్టుకోకు.

గోబ్లిన్ల బేస్ ఎలా చేస్తానో వివరంగా చెప్తా, ఎందుకంటే ఇది మన ఊళ్ళోనే కుదిరే పని. కోరింగ మడ అడవికి వెళ్ళావా, వెళ్ళకపోతే వెళ్ళు, చెక్క వంతెన మీద నిలబడి కింద బురద చూడు. మడ చెట్టు చుట్టూ నేలలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేళ్ళు పైకి లేచి ఉంటాయి, గాలి పీల్చుకోవడానికి. జానెడు, జానెడున్నర ఎత్తు, అంటే మన స్కేల్‌లో 4, 5 మిల్లీమీటర్లు. చెట్టుకి దగ్గరగా చిక్కగా, దూరం పోయేకొద్దీ పల్చగా, కొన్ని వంకరగా, ఒక్కటి కూడా పక్కదానితో సమానంగా ఉండదు. అక్కడి నుంచి పుల్ల కూడా తీసుకురావద్దు, అది 1978 నుంచి అభయారణ్యం, ఫోటోలు తీసుకో చాలు. ఇంటికొచ్చి కొత్త చీపురులో కొబ్బరి ఈనెల సన్నటి కొసలు కత్తిరించు, బేస్ మీద ఎం-సీల్ పల్చగా పరిచి అది మెత్తగా ఉండగానే ఒక్కొక్కటీ గుచ్చు. ఒక అంచున పదీ పన్నెండు గుంపుగా, గోబ్లిన్ కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి రెండో మూడో. ఎం-సీల్ అరగంటలోపే బిగుసుకోవడం మొదలవుద్ది కాబట్టి ఈనెలు ముందే కోసి పెట్టుకో, చేతికి గ్లవ్స్ వేసుకో, నున్నగా చెయ్యడానికి వేలు నీళ్ళలో ముంచుకో.

పాదం ఎక్కడ పడుద్దో అక్కడ మెత్తటి ఎం-సీల్ మీద ఫిగర్‌ని ఒకసారి ఒత్తి తీసెయ్, బురదలో కాలు దిగిన గుంట వస్తుంది. బురదలో నిలబడ్డవాడి పాదం బురద పైన తేలుతూ ఉంటే ఎంత బాగా పెయింట్ చేసినా కన్ను నమ్మదు. ఆ చిన్న గుంట చుట్టూ లేచిన అంచుని అలాగే ఉంచు, సరిచెయ్యకు.

ఎండిన చెరువు కావాలన్నా మన నల్లమట్టి ఉంది. పంట బోదె గట్టు దగ్గర ఒండ్రు తెచ్చి, వేళ్ళూ చెత్తా తీసేసి, నీళ్ళతో మీగడలా కలిపి గుడ్డలో వడగట్టు. గరుకు చేసిన బేస్ మీద ఫెవికాల్ పల్చగా రాసి అది జిగురుగా ఉండగా మట్టి పొర వేసి నీడలో వదిలెయ్. ఆరుతూ దానంతటదే పలకలు పలకలుగా పగులుద్ది, పొర పల్చగా ఉంటే పలకలు చిన్నవి, మందంగా ఉంటే పెద్దవి, 2 మిల్లీమీటర్ల లోపే వెయ్యి. మట్టిలోనే ఫెవికాల్ ఎక్కువ కలిపితే గట్టిగా అవుద్ది గానీ పగలదు, అందుకే ముందు పగలనిచ్చి తర్వాత నీళ్ళ ఫెవికాల్ తాగించాలి. అంచులు కొన్ని పైకి లేచి ఉంటాయి, వాటి మీద లేత రంగు డ్రై బ్రష్ (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో పైపైన రుద్దడం) పడ్డప్పుడు చూడు, కిట్‌లో వచ్చే, ఆరితే పగిలే క్రాకిల్ పెయింట్‌కి ఆ అందం రాదు.

రంగుల దగ్గర ఒక్కటే పట్టుకో, నేల ఫిగర్ కన్నా నెమ్మదిగా ఉండాలి. నీ గోబ్లిన్ ఆకుపచ్చ కాబట్టి బేస్ నిండా ఆకుపచ్చ గడ్డి పోస్తే వాడు అందులో కలిసిపోతాడు. బూడిద కలిసిన గోధుమ రంగు బురద, దాని మీద చాలా పల్చగా లేత మట్టి రంగు డ్రై బ్రష్, ఒకే ఒక్క ఎండిన పసుపు గడ్డి కుచ్చు, అంతే. బురద అనగానే నలుపు వేస్తారు, మన బురద కూడా తడిగా ఉన్నప్పుడు నల్లగా కనిపిస్తుంది గానీ ఆరితే బూడిద రంగే, ఆరిన చోట లేతగా, తడి చోట ముదురుగా వేసి దాని మీద మెరిసే (గ్లాసీ) వార్నిష్ రాస్తే తడి అని తెలుస్తుంది. అంచు నలుపో ముదురు గోధుమో ఒకటి అనుకుని అందరికీ అదే వెయ్యి, శుభ్రంగా, రెండు పూతలు. అంచు మీద ఇసక, పెయింట్ మరకలు ఉంటే లోపల ఎంత కష్టపడ్డా పనికి పూర్తయిన కళ రాదు.

మంత్రగాడికి వేరే నేల పెడతావేమో, ఐదుగురు గోబ్లిన్లకి శత్రువే అయినా అదే చోట కలిసే మనిషి కదా, చిత్తడిలో మునిగిన పాత గుడి మెట్టు మీద నిలబెట్టు. ఫ్లెక్స్ షాపులో సన్‌బోర్డ్ (బోర్డులకి వాడే ఫోమ్ షీటు) ముక్క 3 మిల్లీమీటర్లది అడుగు, ఇంకు అయిపోయిన పెన్నుతో 8, 10 మిల్లీమీటర్ల పలకలుగా గీసి, అల్యూమినియం ఫాయిల్ ఉండ చేసి దాంతో ఒత్తితే రాతి గరుకు వచ్చేస్తుంది. ఒక మూల విరిచెయ్, ఆ విరిగిన చోట గోబ్లిన్ల బేస్‌లో వాడిన అదే బురద, అవే రెండు ఈనె వేళ్ళు. అప్పుడు ఆరుగురూ ఒకే చోట ఉన్నారని చూసేవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. థర్మాకోల్ వాడొద్దు, ఫెవిక్విక్ తగిలినా స్ప్రే తగిలినా కరిగిపోద్ది, పైగా గింజలు గింజలుగా విరుగుద్ది.

పెయింట్ అయిపోయిన ఫిగర్లని పాత బేస్ నుంచి తియ్యడం ఎలా అంటావు. ఫెవిక్విక్‌తో అంటించావు కాబట్టి డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో కొన్ని గంటలు ఉంచు, చల్లదనానికి ఆ జిగురు పెళుసుబారుద్ది, బేస్ పట్టుకుని మెల్లగా తిప్పితే టక్కున వస్తుంది. చీలమండ పట్టుకుని లాగితే కాలు విరుగుద్ది, బేస్‌నే కదపాలి. కొత్త బేస్‌కి అంటించేటప్పుడు పేపర్ క్లిప్ తీగ ముక్క వాడు, చేతి డ్రిల్‌తో మడమలో 1 మిల్లీమీటర్ రంధ్రం, బేస్‌లో ఇంకోటి, మధ్యలో తీగ. ట్రోల్‌కి రెండు కాళ్ళకీ తప్పనిసరి, అది రెజిన్‌తో 3డీ ప్రింట్ చేసింది అన్నావు కదా, బరువు తక్కువే గానీ పై భాగం ముందుకి వంగి ఉంది, బేస్ అడుగున ఒక పెద్ద ఇనప వాషర్ అంటిస్తే పడిపోదు. రెజిన్ రుద్దేటప్పుడు మాస్క్ పెట్టుకుని తడిపి రుద్దు.

ట్రోల్ బేస్‌లో నీళ్ళు పొయ్యాలని ఉంది అన్నావు. 50 మిల్లీమీటర్ల బేస్‌లో చోటుంది, పొయ్యి. అంచు చుట్టూ టేప్ గట్టిగా బిగించి, అడుగున ముందే ముదురు పెయింట్ వేసి, రెండు భాగాల ఎపాక్సీ రెజిన్‌ని కొలిచి కలిపి 2, 3 మిల్లీమీటర్ల పొరలుగా పొయ్యి. గోధుమ ఆకుపచ్చ ఇంకు టూత్‌పిక్ కొసన అంటినంత చాలు, ఎక్కువైతే టీ గ్లాసులా కనిపిస్తుంది. వానాకాలంలో రెజిన్ మీద జిడ్డు పొర కడుతుంది, కాబట్టి సంక్రాంతి ముందు రోజుల్లో, మధ్యాహ్నం పూట ఈ పని పెట్టుకో. మన కాలవల్లో కనిపించే గుర్రపు డెక్క కూడా వెయ్యొచ్చు, ఆకుపచ్చ పెయింట్ వేసిన కాగితంలోంచి చిన్న గుండ్రాలు కోసి ఆరేడు కలిపి పువ్వులా అంటిస్తే సరిపోద్ది.

స్ప్రే ప్రైమరూ మెరుపు లేని మ్యాట్ వార్నిషూ కూడా అంతే, ముసురు పట్టిన రోజు కొడితే పైన తెల్లటి మంచు పొరలా వచ్చి పెయింట్ అంతా మసకబారుద్ది. ఎండ ఉన్న రోజు పదింటి తర్వాత, గాలి లేనప్పుడు కొట్టు, లేదంటే బ్రష్‌తో పెట్టే వార్నిష్ వాడు. పీచు, ఆకులు, పొట్టు లాంటివి ఎండలో పెళపెళలాడేదాకా ఎండబెట్టి, అంటించాక నీళ్ళ ఫెవికాల్ తాగించి, ఆ పైన వార్నిష్ పడితే నిజమైన బూజు కూడా రాదు.

ఇంకొకటి, మీ అమ్మగారు షోకేసులో కలరా ఉండలు వేశారని రాశావు కదా, అవి ఈ రోజే తీసెయ్ తమ్ముడూ. ఆ ఉండల ఆవిరి పాలిస్టైరిన్ ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, నీ గోబ్లిన్లు ఆ ప్లాస్టిక్‌వే. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్లు నాలుగు మూలలా పెట్టు, వానాకాలంలో మార్చు. ట్రోల్‌కి ప్రైమర్ కొట్టే ముందు బేస్ ఫోటో ఒకటి పెట్టు, పైనుంచి కాకుండా ఫిగర్ కంటి ఎత్తులోంచి తియ్యి, పాదాలు నేలకి ఆనాయా లేదా అన్నది అలా తీస్తేనే తెలుస్తుంది.